కుంట కట్ట మీద దీపం లేని బండి

చాట్రాయి దాటి నాలుగు కిలోమీటర్లు పోతే ఎడమ చేతి వైపు నారాయణరావు గారి మామిడి తోట వస్తుంది. తోట వెనకాల నీళ్లు లేని పాత కుంట, దానికో మట్టి కట్ట. పొద్దుగూకితే ఆ కట్ట వైపు ఎవరూ వెళ్లరు. వెన్నెల రాత్రుల్లో అక్కడ ఓ మోటారు సైకిలు తిరుగుతుందట. చప్పుడు వినపడుతుంది... దీపం మాత్రం ఉండదు. నడిపేదెవరో చూసినవాడు లేడు.

ఈ సంగతి నాకు చెప్పింది మా పిన్ని కొడుకు క్రాంతి కుమార్. వాడు పది మాటలు చెబితే ఎనిమిది తీసేసి వినాలి. అందుకే ఆ రాత్రి వాడితో ఉన్న స్నేహితుడు శశాంక్‌ని విడిగా కూర్చోబెట్టి మళ్లీ అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. కాబట్టి ధైర్యంగా మీకూ చెబుతున్నాను.

కిందటి డిసెంబరులో మైలవరం అవతల మోటోక్రాస్ రేసులు పెట్టారు. మట్టి గుట్టల మీంచి బండ్లు ఎగిరే రేసులు. ఆదివారం పొద్దున్నే మొదలు. వీళ్లిద్దరూ శనివారమే ఉంగుటూరు నుంచి కారులో బయల్దేరారు. నూజివీడు నుంచి తిన్నగా మైలవరం పోవచ్చు. కానీ క్రాంతి చేతికి కారు దొరికితే తిన్నగా ఎప్పుడు పోయాడు గనక! తోటలో టెంటు వేసుకుని పడుకుంటే ఆ మజాయే వేరని చాట్రాయి వైపు తిప్పాడు.

రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగారు. కొట్టు ఇన్నమ్మ అనే ముసలావిడది. రాత్రికి ఎక్కడ పడుకుంటారని అడిగితే, వీళ్లు కట్ట వైపు చెయ్యి చూపించారు.

గ్లాసు కడుగుతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"అక్కడొద్దు నాయనా," అంది గొంతు తగ్గించి. "దీపం లేని బండి తిరుగుద్ది. మా ఊరి బడి అరుగు మీద పడుకోండి, చాపలిస్తాను."

"అలాగే మామ్మా," అన్నాడు శశాంక్ బుద్ధిమంతుడిలా. అని, తిన్నగా వెళ్లి కట్ట కిందే టెంటు వేయించాడు.

కోడికూర వండారు. సగం మాడింది, అయినా గిన్నె ఖాళీ చేశారు. పదింటికి నిద్రపోయారు.

పదకొండు దాటాక క్రాంతికి మెలకువ వచ్చింది. దూరంగా... తోట అవతల... ఏదో చప్పుడు.

"బోరు మోటారేమోరా," అన్నాడు శశాంక్ గుసగుసగా.

"బోరు మోటారు దగ్గరికొస్తుందా?"

చప్పుడు దగ్గరికే వస్తోంది. క్రాంతి జిప్పు కాస్త తెరిచి చూశాడు. వెన్నెల్లో చెట్ల వరసల మధ్య దుమ్ము లేస్తోంది. దీపం లేదు. దుమ్ము మలుపు తిరిగి కట్ట వెనక్కి పోయింది. ఇప్పుడు చప్పుడు కట్ట ఎక్కుతోంది — పైకి... ఇంకా పైకి... సరిగ్గా వీళ్ల నెత్తి మీదికి వచ్చి —

ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందంటే, క్రాంతి యేసయ్యని, శశాంక్ ఆంజనేయస్వామిని పూర్తిగా ఒకసారి పిలవగలిగారు. అప్పుడు నల్లటిదేదో టెంటు మీదుగా గాల్లో దాటిపోయింది. గుడ్డ టపటపా కొట్టుకుంది. అవతల ధబ్బుమని నేల అదిరింది.

ఆ వెంటనే చెట్ల చీకట్లోంచి ఓ తెల్లటి ఆకారం... చేతిలో చిన్న ఎర్ర వెలుగు... వీళ్ల వైపే పరుగెత్తుకొస్తోంది. క్రాంతి కారు తాళాల కోసం తడుముకున్నాడు. తాళాలు శశాంక్ జేబులో ఉన్నాయి. శశాంక్ దుప్పటి లోపల ఉన్నాడు.

ఆకారం టెంటు ముందు మోకాళ్ల మీద కూలబడింది.

"బాబూ... ఎవరికీ తగల్లేదు కదా? ఒక్క మాట మాట్లాడండి నాయనా."

దెయ్యం వీళ్ల కంటే ఎక్కువ వణుకుతోంది. చూస్తే, తెల్ల లుంగీ, తెల్ల చొక్కా, యాభై ఏళ్ల మనిషి. చేతిలో ఎర్రగా వెలుగుతున్నది స్టాప్‌వాచీ. ఆ ఊరి చర్చి పాస్టరు నతానియేలు గారు. ఆయన వెనక పొడుగు బూట్లతో, బండి నెట్టుకుంటూ ఓ అమ్మాయి వచ్చి హెల్మెట్ తీసింది. ఆయన కూతురు షాలోమి, పందొమ్మిదేళ్ల పిల్ల.

"రేసు బండికి హెడ్‌లైట్ ఉండదండీ," అంది. "ఇటు ఎవరూ రారు కదా అని... గాల్లోకి లేచి యాక్సిలరేటరు వదిలేశాక కనపడింది మీ టెంటు." అని నేల మీద కూర్చుని ఏడ్చేసింది.

ఆయన ఆ పిల్లకి నీళ్లు తాగించి, వీళ్లకి చేతులు జోడించారు. పొద్దున జరిగేది షాలోమి మొదటి రేసు. మూడు నెలలుగా రాత్రిళ్లు ఇక్కడే దొంగచాటుగా నేర్చుకుంటోంది.

"పాస్టరు కూతురు బండ్ల మీద దూకుతుందంటే, అదీ ఆదివారం పూట, మా సంఘం ఒప్పుకోదు బాబూ. నేను ఏలూరు మీటింగుకి వెళ్తున్నానని అబద్ధం చెప్పాను. నన్ను ఊర్నుంచి పంపేసినా ఫర్వాలేదు. రేపటి దాకా మాత్రం ఎవరికీ చెప్పకండి. పిల్ల రేసు ఆగిపోతుంది."

"మేం చూసింది దెయ్యాన్నే అయ్యగారూ," అన్నాడు క్రాంతి. వాడి జన్మలో ఆడిన మంచి అబద్ధం అదొక్కటే.

పొద్దున మైలవరం దగ్గర ఒకటే దుమ్ము, జనం. పద్నాలుగు బండ్లు రేసు మొదలయ్యే ఇనప గేటు వెనక నిలబడ్డాయి. పద్నాలుగింటిలో ఆడపిల్ల షాలోమి ఒక్కతే. పాస్టరు గారు మంకీ క్యాపు కళ్ల దాకా లాక్కుని గట్టు మీద వీళ్ల పక్కన నిలబడ్డారు.

అంతలో రెండు ట్రాక్టర్లు వచ్చి ఆగాయి. ట్రక్కుల నిండా ఆడవాళ్లు, ముసలివాళ్లు, టిఫిను క్యారేజీలు.

"మా సంఘం," అన్నారు పాస్టరు గారు నీరసంగా. గబుక్కున క్రాంతి వెనక్కి పోయి, ట్రాక్కి వీపు పెట్టి నిలబడ్డారు. మావాడేమో గాలొస్తే ఎగిరిపోయే మనిషి, వాడి వెనక ఏం దాక్కుంటారు!

టీ కొట్టు ఇన్నమ్మ ట్రక్కు దిగి తిన్నగా వచ్చింది.

"అయ్యగారూ, మీరటు తిరిగి నిలబడితే పిల్లకి ఎట్లా కనపడతారండీ?"

ఆయన సగమే ఇటు తిరిగారు. "ఆరాధన...?"

"తెల్లారి అయిదింటికే కానిచ్చేశాం. పెద్దలే దగ్గరుండి చేయించారు."

"నేను... ఏలూరు..."

"ఏలూరు వెళ్లారనే పై ఊళ్ల వాళ్లందరికీ చెప్పాం లెండి." అని క్రాంతి వైపు తిరిగి కళ్లెర్ర చేసింది. "అయ్యగారితో ఉన్నారంటే, వద్దన్నా అక్కడే పడుకున్నారా మీరు? పిల్లకి ఎవరూ అడ్డం రాకూడదని మూడు నెలల్నుంచి ఊరంతా కలిసి ఆ కట్ట మీద దెయ్యాన్ని నిలబెట్టాం. మీ పుణ్యాన అంతా చెడేది."

పాస్టరు గారు టోపీ తీసి దాంతోనే కళ్లు తుడుచుకున్నారు. కింద బండ్లు ఒక్కసారిగా గర్జించాయి.

గేటు నేలకి వాలింది, బండ్లు దూసుకొచ్చాయి. ఆయన ట్రాక్ వైపు తిరిగారు. మూడు నెలలుగా మసక వెన్నెల్లో చప్పుడు విని చుట్టుకెంత సేపు పట్టిందో రాసుకున్న మనిషికి, కూతురు బండి నడపడం పగటి వెలుగులో చూడటం అదే మొదటిసారి.