గోగు అడుగు కొలిచిన ఓబులి

నాకు అన్నిటికంటే పెద్ద భయం, నా బిడ్డను ఎవరో ఒక్క చూపు చూసి 'కొరగాదు' అనేస్తారేమోనని. గొరిజకొండ రాజ్యంలో ఆ మాట ఎంత పని చేసిందో చెబుతాను, వినండి పిల్లలూ.

గొరిజకొండ గుర్రాలకు పేరుపడ్డ రాజ్యం. రెండేళ్లు నిండిన గుర్రప్పిల్లలన్నింటినీ కోట మైదానంలో నడిపించి, పరీక్షాధికారి భైరవప్ప వాటి నడకను తాడుతో కొలిచేవాడు. మెడ నిక్కించి నడిస్తేనే రాచనడక అని అక్కడివాళ్ల నమ్మకం. అందుకని పగ్గాన్ని గడ్డం కిందికి బిగించి లాగేవారు. కొలత తగ్గిన పిల్లను 'కొరగాదు' అని పక్కన పెట్టేవారు. ఆ ఏడు మాత్రం, పక్కన పెట్టిన పిల్లలన్నీ తెల్లారేసరికి నల్లరాళ్లయిపోయాయి. "నల్లకనుమ రాక్షసి బలహీనమైన వాటినే పట్టుకుంది" అనుకున్నారు జనం.

గిట్టలు చెక్కే కదిరప్ప కూతురు ఓబులికి ఒక ఎర్రని గుర్రప్పిల్ల ఉంది. పేరు గోగు. దాని పరీక్షకు ఇంకా మూడు రోజులే ఉంది.

"నాయినా, ఆ రాక్షసినే అడిగొస్తా," అంది ఓబులి.

"అడిగేదానికి అదేమన్నా మీ మేనత్తా?" అన్నాడు కదిరప్ప. అయినా తన గిట్టకత్తి తీసి కూతురి నడుముకు కట్టాడు.

ఓబులి గోగును వెంటబెట్టుకుని అడవి దాటగానే ఒక వాగు అడ్డమొచ్చింది. తడి ఇసుకలో ఒక ముని కూర్చుని ఉన్నాడు.

"ముందుకాలి గుర్తును వెనకకాలు దాటితేనే వాగు దారిస్తుంది," అన్నాడు ముని.

ఓబులి కోటలో చూసినట్టే పగ్గం బిగించి నడిపించింది. వెనక గిట్ట ముందు గుర్తుకు బెత్తెడు వెనకే పడింది. వాగు నురగలు కక్కింది.

"నడుస్తున్నది పిల్లా, నువ్వా?" అని ముని నవ్వాడు.

ఓబులి సిగ్గుపడి పగ్గం వదులు చేసింది. గోగు తల దించి, ఇసుకను వాసన చూసి, వీపు సాగదీసి నడిచింది. ఎంత అందమైన నడక అది! భుజం జారుతున్నట్టు కదిలింది, నడుము ఊయలలా ఊగింది. వెనక గిట్ట ముందు గుర్తును దాటి నాలుగు వేళ్ల అవతల పడింది. వాగు చీలి దారిచ్చింది.

ఆ పైన పొగమంచు లోయ. లోయ మీద తీగల వంతెన. కాపలా ఉన్న నెమలి, మనిషి గొంతుతో చెప్పింది: "నాలుగు అడుగులకు నాలుగు చప్పుళ్లు, సమానంగా వినబడాలి. ఒకటి తొందరపడినా వంతెన తెగుతుంది."

"తెగితే నువ్వైతే ఎగిరిపోతావులే!" అంది ఓబులి. వణుకుతున్న గోగు మెడ మీద చెయ్యేసి, రోకటిపోటు పాట ఎత్తుకుంది. ఆ పాటతో పాటే గోగు అడుగులు కుదిరాయి. టక్, టక్, టక్, టక్. కళ్లు మూసుకుని విన్న నెమలి, వాళ్లు అవతలి ఒడ్డు చేరేసరికి పురి విప్పి ఆడుతోంది.

నల్లకనుమ గుహ ముందు రాక్షసి కూర్చుని ఉంది. పక్కన కుంటుతున్న తెల్ల గుర్రప్పిల్ల.

"అవ్వా, మా పిల్లల్ని ఎందుకు రాళ్లు చేస్తాండావు?" అని అడిగింది ఓబులి.

"నేను చేయలేదే! నా పిల్లను మీ కోటకు పంపితే కొరగాదని తరిమినారు. కడుపు మండి ఆ మాటకు రాయంత బరువు పెట్టినా, అది మీద పడిన పిల్ల రాయవుతాది. పలికేది మీరే కదా!" రాక్షసి ముందుకు వంగింది. "ఇప్పుడు దీన్ని నువ్వు కొలువు. ఆ మాట పలికినా రాయవుతావు, నన్ను మెప్పించేదానికి అబద్ధమాడినా రాయవుతావు."

ఓబులి తెల్లపిల్లను వదులు పగ్గంతో నడిపించి, వేళ్లతో కొలిచి, వంగి ప్రతి గిట్టా చూసింది.

"ఎడమ వెనక అడుగు మూడు వేళ్లు తక్కువ పడతాంది, అవ్వా. అది నిజం. గిట్ట లోపలి అంచు పెరిగిపోయి బరువంతా ఒకవైపే పడతాంది. అదీ నిజమే. చెక్కితే సర్దుకుంటాది. చెక్కమంటావా?"

రాక్షసి తల ఊపింది. ఓబులి గిట్టను ఒడిలో పెట్టుకుని, కత్తితో పొర వెంట పొర తీసింది. తెల్లపిల్ల కాలు మోపింది. ఒక అడుగు, ఇంకో అడుగు, ఆపైన వెన్నెల పరుగెత్తినట్టు దౌడు! రాక్షసి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బరువు దించేసినా, పో బిడ్డా," అంది.

ఓబులి తిరిగొచ్చేసరికి కోట మైదానంలో రాళ్లన్నీ మళ్లీ గుర్రప్పిల్లలై సకిలిస్తున్నాయి. జరిగిందంతా ఆమె నోట విని, భైరవప్ప తల వంచుకుని తన కొలత తాడు ఆమె చేతిలో పెట్టాడు. రాజు ఆమెనే పరీక్షాధికారిని చేశాడు. ఆమె కొలతలు మానలేదు, ఒక్క వేలు తేడా కూడా దాచలేదు. కానీ కొలత తగ్గిన పిల్ల కొట్టానికి ఆ సాయంత్రమే వెళ్లి, ఉలవలు తిందా లేదా చూసి, గిట్టలు తడిమి వచ్చేది.

పిల్లలూ, మీ తరగతిలో లెక్క తప్పి మాట పడి, మర్నాటి నుంచి బడికి రాని పిల్ల ఎవరైనా ఉంటే, ఈ పూటే వాళ్లింటికి వెళ్లి ఎలా ఉందో ఒకసారి చూసి రండమ్మా.