మాటల సీసా

ఆ ఉదయం వకుళ నూట పన్నెండో అరలోని పెంపుడు కన్నుల మీద చుక్కలు వేస్తోంది. గాజు గిన్నెల్లో పెంచిన పొరలవి, ఎవరి ముఖంలోనూ ఉన్నవి కావు. కంటి పైపొరను కాసేపు వదులు చేసి మందును లోపలికి పంపే దారిచుక్క వచ్చాక, చూపును తినేసే నీటికాసులకు ఆపరేషన్ల అవసరమే లేకుండా పోయింది. నెలకో చుక్క చాలు. ఆ చుక్క పొరకు హాని చేస్తుందో లేదో తేల్చడం, దాన్ని ఎలా వేసుకోవాలో సీసా పైకి పలికే మాటలు రాయడం వకుళ ఉద్యోగం. ఇరవై ఏళ్ళలో ఒక్క కన్నూ పోనివ్వలేదని ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది.

అంతలో సింహాచలమ్మను తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆమె భర్త అప్పలకొండ, పడవలు కట్టే మేస్త్రీ, నెల క్రితం చుక్క వేయించుకున్న గంటకే పోయాడు. మందు వల్లనో కాదో వకుళే చెప్పాలి.

"చుక్క వేశాక సీసా చెప్పినట్టే చేశారా అమ్మా?"

"ఏటి సేస్తానమ్మా! ఆ మాటల సీసా 'కన్ను మూయండి, కన్ను మూయండి' అని ఒకటే గోల. మందేసీ యేళ అయ్యేం మాటలమ్మా? నాకు ఒళ్ళు మండిపోనాది. దాని నోరు నొక్కేసినాను. 'నువ్వు కళ్ళు తెరుసుకునే ఉండయ్యా' అన్నాను. పాపం, రెప్ప కూడా ఎయ్యలేదు."

ఆ మాట ఆమెకు ఎలా వినిపించిందో వకుళకు అప్పుడు తట్టింది. మొదట తను 'కళ్ళు మూసుకోండి' అనే రాసింది. వేసేది ఒక్క కంటికే కదా, అంత పొడవెందుకని తనే కత్తిరించింది. నాలుగు వేల పెంపుడు కన్నుల మీద పరీక్షించింది. వాటికి చెవులెక్కడివి? అయిదు నిమిషాలు రెప్ప మూసి ఉంచితే మందు కంట్లోనే ఇంకుతుంది. తెరిచి ఉంచితే కన్నీటి దారిన ముక్కులోకి, అక్కణ్ణించి నెత్తురులోకి దిగి గుండెను మందగింపజేస్తుంది. అప్పలకొండది అసలే బలహీనమైన గుండె.

ఏదో అబద్ధం చెప్పి పంపేద్దామా అనిపించింది వకుళకు. నిజం వింటే ఈ మనిషి తట్టుకోలేదు. కానీ అదే సీసా ఇంకా ఎన్ని ఇళ్ళలో ఆ మాటే పలుకుతోందో!

"తప్పు నాదమ్మా. ఆ మాట రాసింది నేనే," అంటూ జరిగినదంతా విడమరిచి చెప్పింది. తిట్లకు సిద్ధపడి తల వంచుకుంది. తిట్టినా బాగుండేది.

సింహాచలమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"అయితే మా ఆయన కన్ను మూసుంటే బతికీవోడా అమ్మా?"

వకుళ ఏడుస్తూ తలూపింది.