రహ్మి వాళ్ళ ఊరి సంగతి

"రహ్మి వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళకు ఇల్లే ఉండదు," అంది ఫెబి, బోర్డు దగ్గర నిలబడి. "పెళ్ళయితే పెళ్ళాం ఇంటికి పోయి పడుంటారు. ఆవిడ పెట్టింది తింటారు."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు వినగానే ఫెబికి ఇంకాస్త ఊపొచ్చింది.

"ఇంట్లో గదులన్నీ ఆడపిల్లలకే. మగవాళ్ళు వచ్చిపోయే చుట్టాలన్నమాట. వాళ్ళకు సిగ్గు కూడా ఉండదు."

ఈ చివరి ముక్క ఆమె చేతిలోని కాగితంలో లేదు. టీచర్ మిస్ బ్రనిగన్ లేచి, "ఇక చాలు, ఫెబి," అంది.

రహ్మి ఏడవలేదు. నేరుగా బోర్డు దగ్గరికి వచ్చింది. తను ఇంటినుంచి తెచ్చి అంటించిన ఫొటోను పీకి తీసుకుంది. అందులో రహ్మి అమ్మమ్మ ఒక పెద్ద చెక్క ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. ఆ ఇంటి కప్పు రెండు చివరలా గేదె కొమ్ముల్లా పైకి లేచి ఉంది.

"నీకు నేను చెప్పింది ఇది కాదు," అంది రహ్మి.

ఆ వారం క్లాసులో ఒకరి ఊరి గురించి ఇంకొకరు మాట్లాడాలి. ఐర్లండ్‌లో, డ్రోహెడా ఊళ్ళోని ఆ స్కూల్లో, నాలుగో తరగతి మొత్తానికి బయటి దేశం పిల్లలు ఇద్దరే, ఫెబి, రహ్మి. ఇద్దరిదీ ఒకే బెంచీ. ముందు వారం మూడు రోజులు లంచ్ మానుకుని మరీ రహ్మి తమ సంగతులన్నీ చెప్పింది. ఫెబి వాటన్నిటినీ చక్కగా రాసుకుంది కూడా. మరి ఇంత విషం ఎక్కడిది?

అది ముందురోజు, ఆదివారం నాటిది. ఫెబి వాళ్ళింట్లో ప్రార్థన అయ్యాక, వచ్చిన తెలుగువాళ్ళందరూ భోజనాలకు కూర్చున్నారు. డాడీ కోడికూర వడ్డిస్తున్నాడు. డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తోమా అంకుల్ మొదలుపెట్టాడు.

"ఏమయ్యా కృపాదానం, గుంటూరులో చాక్‌పీసు, డ్రోహెడాలో గరిటె. ఇల్లరికపు అల్లుడి భోగమంటే నీదేనయ్యా."

అందరూ నవ్వారు. ఫెబి వాళ్ళ మమ్మీ దేవకుమారి ఆసుపత్రిలో నర్సు. ఆమె ఉద్యోగం మీదే కుటుంబం ఐర్లండ్ వచ్చింది. డాడీ గుంటూరులో లెక్కల మాస్టారు, ఇక్కడ ఆయనకు పని చేసే పర్మిట్ ఇంకా రాలేదు. అందుకే ఇల్లు ఆయన చూసుకుంటాడు. ఇందులో నవ్వడానికేముంది? పోనీ ఎవరో నవ్వారంటే నవ్వారు, డాడీ కూడా నవ్వాడు. నవ్వి, తోమా అంకుల్ కంచంలో ఇంకో ముక్క వేశాడు. ఫెబికి ఒళ్ళు మండింది అక్కడే.

ఆ సోమవారం బడినుంచి రాగానే బ్యాగు సోఫాలోకి విసిరింది. డాడీ మమ్మీ యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాడు. మిస్ రాసి పంపిన చీటీ చదివాడు. ఫెబి తన స్నేహితురాలిని నొప్పించిందనీ, శుక్రవారం మళ్ళీ మాట్లాడాలనీ అందులో ఉంది.

"ఎందుకన్నావమ్మా అట్లా?"

"నిజమే కదా. వాళ్ళూ నీలాగే," అంది ఫెబి, ఎప్పటిలా ఇంగ్లీషులో.

అనేశాక నోరు మూసుకుంది. డాడీ ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, స్విచ్ ఆపాడు.

"కోపం నా మీదా, తోమా అంకుల్ మీదా?"

"ఇద్దరి మీదా."

"మరి ఆ పిల్లేం చేసింది?"

ఫెబి బ్యాగు పట్టీని మెలితిప్పింది.

"అత్త మీద కోపం దుత్త మీద చూపించావు," అన్నాడు డాడీ. "దుత్తంటే కుండ. దానికి ఎదురు తిరిగే నోరుండదు, అందుకే పగలగొడతారు." యూనిఫాం మడతపెడుతూ అన్నాడు, "నాకూ కోపమొచ్చిందమ్మా ఆ రోజు. నవ్వి మింగేశాను."

ఆ సంగతి ఫెబికి ఇప్పటిదాకా తెలియదు.

మర్నాడు రహ్మి ఇంకో బెంచీకి మారిపోయింది. ఫెబి వెళ్ళి మెల్లగా సారీ చెప్పింది.

"నన్ను అందరి ముందూ అన్నావు," అంది రహ్మి. "సారీ మాత్రం చెవిలో చెప్తావా? నాకక్కర్లేదు."

ఫెబికి మళ్ళీ కోపం తన్నుకొచ్చింది. కానీ ఈసారి అది తన మీదే. రాత్రి పడుకునేముందు పాత కాగితం తీసి, మొదటినుంచి మళ్ళీ చదువుకుంది.

శుక్రవారం మళ్ళీ బోర్డు దగ్గర నిలబడింది.

"సోమవారం నేను తప్పు చెప్పాను. రహ్మి వాళ్ళు మినాంగ్‌కబావ్ వాళ్ళు. వాళ్ళది ఇండోనేషియాలో సుమత్రా దీవి. కొండలు, అగ్నిపర్వతాలు, వరిపొలాలు. అక్కడ ఇల్లూ పొలమూ తల్లినుంచి కూతురికి వస్తాయి. వంశం పేరు కూడా అమ్మదే. అక్కచెల్లెళ్ళ పిల్లల మంచిచెడ్డలు చూసే బాధ్యత మేనమామది. మగపిల్లలు పెద్దయ్యాక ఊరు దాటి వెళ్ళి, పనీ లోకజ్ఞానమూ నేర్చుకుని వస్తారు. అది వాళ్ళకు గొప్ప. పూర్వం శత్రువులు పెద్ద దున్నపోతును పోరుకు తెస్తే, వీళ్ళు ఆకలితో ఉన్న చిన్న దూడ ముక్కుకు కత్తి కట్టి వదిలారట. అది పాల కోసం దున్న పొట్టకిందకి దూరి గెలిచిందట. అందుకే వాళ్ళ ఇళ్ళకు ఆ కొమ్ముల కప్పులు."

ఊపిరి పీల్చుకుంది. "సిగ్గు గురించి నేనన్నది అబద్ధం. మా ఇంట్లో వంట మా డాడీ చేస్తాడు. ఒకాయన దానికి నవ్వాడు. నాకు కోపమొచ్చి, దాన్ని రహ్మి మీద తీర్చుకున్నాను."

ఈసారి క్లాసులో ఎవరూ నవ్వలేదు. బ్రేక్‌లో రహ్మి తనే వచ్చింది. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

"ఆ నవ్వినాయనతో చెప్పావా ఈ మాట?"

"ఆయన పెద్దవాడు. ఎలా చెప్తాను?"

"నాతో చెప్పడానికి భయపడలేదుగా."

చురుక్కుమంది ఫెబికి.

ఆ ఆదివారం కూడా ప్రార్థన ఫెబి వాళ్ళింట్లోనే. భోజనాల దగ్గర తోమా అంకుల్ కంచం ముందుకు జరుపుకున్నాడు.

"కృపాదానం, పర్మిటొస్తే మాకీ కూరలు పోతాయయ్యా. రాకుండా ప్రార్థన చేయించనా?"

నలుగురూ నవ్వారు. ఫెబి నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడి ఉంది. ఇంట్లో ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబు చెప్పే పిల్ల, ఆ పూట తెలుగులో మాట్లాడింది.

"అంకుల్, డాడీ గురించి అట్లా అనొద్దు. మీరు నవ్వితే నాకు చాలా కోపం వస్తుంది."

"ఫెబీ," అంది మమ్మీ, కంగారుగా.

తోమా అంకుల్ ముఖం ఎర్రబడింది. ఎప్పటిలా డాడీ నవ్వి తేలిక చేసేస్తాడేమోనని అటు చూశాడు. డాడీ నవ్వలేదు.

"నాకూ వస్తుంది, తోమా," అన్నాడు డాడీ.

ఫెబి ముందుకు వచ్చి, మొదట తోమా అంకుల్ గ్లాసులోనే నీళ్ళు పోసింది.