తెరవని బైపాసు మీద లారీ

కంకిపాడు అవతల, కట్టడం అయిపోయినా ఇంకా తెరవని కొత్త బైపాసు ఒకటుంది. చీకటి పడ్డాక దాని మీదికి ఎవరూ ఎక్కరు. పగలు అక్కడ ధాన్యం ఆరబోసుకునే రైతులే పొద్దుగూకేసరికి పట్టాలు చుట్టేసుకుని దిగిపోతారు. రాత్రిపూట దాని మీద లారీలు తిరుగుతాయట... లైట్లుంటాయట, హారన్ ఉండదట. డ్రైవరు సీట్లో మనిషి ఉండడట.

రోడ్డు వేసేటప్పుడు రోలరు కింద పడి చనిపోయినవాడే వాటిని తోలుతున్నాడని చెప్పుకుంటారు.

చేపపిల్లల బండి తోలే జీవరత్నం ఇదంతా విన్నవాడే. దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవని పాస్టరుగారు అన్నారు. లేకపోయినా సరే, ఆ దారిన పోవద్దని భార్య హెప్సిబా అంది. జీవరత్నం ఇన్నాళ్లూ హెప్సిబా మాటే విన్నాడు.

ఆ రాత్రి హైవే మీద మళ్లీ జామ్. ముందు లారీ, వెనక లారీ, పక్కన ఇంకో లారీ. ఒకడు ముందుకి దూరబోయి అడ్డంగా ఇరుక్కున్నాడు, వాణ్ని తిట్టడానికి దిగినవాడి బండి ఇంకా అడ్డం. రోజూ ఇదే బాగోతం. జీవరత్నానికి ఒళ్లు మండిపోయింది.

దిగి ట్యాంకులోకి టార్చి వేశాడు. చేపపిల్లలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సిలిండర్లో ఆక్సిజన్ అయిపోవస్తోంది. పోయినసారీ ఇలాగే జామ్‌లో లోడంతా చచ్చింది. ఇంకోసారి చస్తే బండి దిగిపోవడమేనని ఓనరు రామకోటేశ్వరరావుగారు అప్పుడే చెప్పేశారు. జామ్‌కి డ్రైవరేం చేస్తాడండీ అంటే, ఆయన వినలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక ఆలోచించలేదు. పక్కనున్న సర్వీసు రోడ్డులోకి దింపి, బైపాసుకి అడ్డం పెట్టిన డ్రమ్ము జరిపి, బండి పైకెక్కించాడు.

ఖాళీ రోడ్డు... దీపం లేదు, మనిషి లేడు. ఇంత రోడ్డు ఇక్కడ ఊరికే పడుంటే కింద తాము చస్తున్నామే అని ఇంకోసారి మండింది. ఆ కోపంలో భయం కూడా కాస్త తగ్గింది.

అప్పుడు అద్దంలో లైట్లు కనిపించాయి.

జీవరత్నం స్పీడు తగ్గించాడు. వెనకదీ తగ్గించింది. పెంచాడు. అదీ పెంచింది. దాటిపొమ్మని చెయ్యి ఊపాడు... దాటలేదు. తనలాగే జామ్ తప్పించుకొచ్చినవాడెవడో ఆడుకుంటున్నాడనుకుని, బండి ఆపాడు.

అదీ ఆగింది. అంతే దూరంలో, చడీచప్పుడు లేకుండా.

నాలుగు తిడదామనే దిగాడు. తెల్లటి పెద్ద లారీ. లైట్ల వెలుగు కళ్లలో కొడుతుంటే పక్కనుంచి నడిచి, తలుపు దగ్గరికి వెళ్లి తలెత్తాడు.

సీటు ఖాళీ.

"ఎవరయ్యా... ఎవరున్నారు?" గుసగుసగా అడిగాడు.

స్టీరింగు తనంతట తనే కొంచెం ఇటు తిరిగింది...

జీవరత్నానికి పైప్రాణాలు పైనే పోయాయి. బండి ఎలా ఎక్కాడో, ఎలా తోలాడో తెలీదు. "యేసయ్యా, యేసయ్యా" అంటూనే ఉన్నాడు. ఎంత తొక్కినా ఆ లైట్లు వెనకే ఉన్నాయి, దగ్గరకి రావు, దూరం పోవు.

బైపాసు దిగగానే రామకోటేశ్వరరావుగారి చెరువులు. తీసి ఉన్న గేటులోంచి బండి లోపలికి దూకించాడు. గేటు దగ్గర ఆయనే నిలబడి ఉన్నారు, లోడు కోసం చూస్తూ.

"అయ్యగారూ... గేటు... గేటు వేసెయ్యండి."

ఆయన వెయ్యలేదు. తెల్ల లారీ నెమ్మదిగా మలుపు తిరిగి లోపలికొచ్చి, జీవరత్నం బండి పక్కనే ఆగింది. దాని బంపరుకి కొత్త నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడుతున్నాయి. జీవరత్నం వాటికేసి వెర్రిగా చూశాడు. దెయ్యం బండికి దిష్టి తగలకుండా ఎవరు కడతారు?

"భయపడకయ్యా, ఇది మన బండే," అన్నారు రామకోటేశ్వరరావుగారు నవ్వుతూ.

కంప్యూటరే తోలుతుందట. విజయవాడలో ఆఫీసులో కూర్చుని ఒకమ్మాయి చూస్తుంటుందట. ఆ బైపాసు రాత్రిళ్లు ఇలాంటి బండ్లకే వదిలారట. వీటికి నిద్ర రాదు, టీకి ఆగవు, దూరిపోయి ముందుకి పోవాలనే దురద ఉండదు, అందుకే జామన్నదే ఉండదట. ముందే చెబితే డ్రైవర్లు గొడవ చేస్తారని ఎవరికీ చెప్పలేదట. దెయ్యమనుకుంటే మరీ మంచిదనుకున్నారట.

జీవరత్నం తన ట్యాంకు మూత తీశాడు. కుదుపులకి నీళ్లలో గాలి కలిసిందేమో, పిల్లలు చురుగ్గా తిరుగుతున్నాయి. ప్రాణం లేచొచ్చింది.

"చూడండయ్యా, అన్నీ బతికే ఉన్నాయి."

ఆయన చూసి తలాడించారు. తర్వాత తెల్ల లారీ ట్యాంకు మూత తీశారు. అందులోనూ చేపపిల్లలే. అవీ బతికే ఉన్నాయి. ఇంతలో ఫోను మోగితే మాట్లాడి, పెట్టేసి, జీవరత్నం వైపు తిరిగారు.

"ఆఫీసమ్మాయి. మన లారీ ఇంకా ముందే రావలసిందట. దారిలో ఏదో పాత బండి అడ్డం తగిలి ఆలస్యం అయిందట," అన్నారు.

అన్నేళ్లు జామ్‌ని తిట్టిన జీవరత్నానికి, ఆ రాత్రి జామ్ తనే అయ్యాడని అర్థమైంది.

వచ్చే నెల నుంచి పిల్లల లోడ్లన్నీ ఆ లారీకేనని చెప్పి, ఆయన లోపలికెళ్లిపోయారు.

జీవరత్నం చెరువు గట్టు మీద కూలబడ్డాడు. తూరుపు తెల్లబడుతోంది. తెల్ల లారీ అక్కడే, ఖాళీ సీటుతో, కదలకుండా నిలబడి ఉంది.

నిజంగా దెయ్యమే అయ్యుంటే బాగుండేది, తెల్లారేసరికి పోయేది.