అన్‌ఫిట్ ఏజెంట్

యూనిఫాం మళ్ళీ ఒంటి మీదికొచ్చి వారం తిరక్కుండానే స్టోర్స్ క్లర్కుని చంపేశారు. పట్టపగలు, క్యాంపు గేటు ఎదుట, కాఫీ బండి దగ్గర. అతను రెండు గుటకలు మింగి, "చేదుగా ఉందేంటి" అన్నాడు. అంతే, కూలిపోయాడు. కాఫీ అమ్మినవాడు అప్పటికే బండి వదిలేసి సందు మలుపు తిరిగాడు. గుమిగూడిన జనం ఫోన్లు తీసి ఫొటోలు తీసుకున్నారు. ఒక పెద్దమనిషి వంగి, కప్పులో మిగిలిన కాఫీని వాసన కూడా చూశాడు.

ఆ క్లర్కు పొద్దున్నే మిలిటరీ ఇంటెలిజెన్స్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. "అంతా చెప్పేస్తాను, నన్ను లోపల వేసినా ఫర్వాలేదు" అన్నాడు. ఫోనెత్తిన ఆఫీసరు, తను టిఫిన్ చేసి వచ్చాక మళ్ళీ చెయ్యమన్నాడు.

మర్నాడు అదే ఆఫీసులో చీఫ్ కారు తాళంచెవితో చెవిలో గుబిలి తీసుకుంటూ, ఎదురుగా నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూశాడు. తాళంచెవి కొసని పరీక్షగా చూసుకుని, ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నీకు పిచ్చి అని రికార్డులో ఉంది కదూ?"

"పిచ్చి అని లేదు సార్. సైకలాజికల్లీ అన్‌ఫిట్ అని ఉంది."

"అదేలే. కూర్చో."

ఆ నిలబడ్డవాడు ఒకప్పుడు ఇదే డిపార్ట్‌మెంట్‌లో పేరుమోసిన ఏజెంటు, ర్యాంకుకి కెప్టెన్. రెండేళ్ళ కిందట డిశ్చార్జి చేసి ఇంటికి పంపేశారు. అప్పట్నుంచి అందరూ అతన్ని 'మాజీ' అనే పిలుస్తున్నారు. అక్కగారింట్లో వెనకగదిలో ఉంటూ, మళ్ళీ సర్వీసులో చేర్చుకోమని అప్లికేషన్ మీద అప్లికేషన్ పెడుతున్నాడు. ఈ లోకంలో అతనికి కావలసింది ఒక్క యూనిఫామే. దాని కోసం ఎవరి గుమ్మం ముందైనా నిలబడతాడు. అందుకే ఇక్కడ నిలబడ్డాడు.

"నీలాగే డిశ్చార్జి అయినవాళ్ళు కొందరు ఈ మధ్య మళ్ళీ సర్వీసులోకొచ్చారు" అని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు చీఫ్. "మెడికల్ బోర్డులో అందరూ దివ్యంగా పాసయ్యారు. వాళ్ళు చేరిన ప్రతి యూనిట్ నుంచీ సీక్రెట్లు సరిహద్దు దాటిపోతున్నాయి. నిన్న చచ్చినవాడు వాళ్ళలో ఒకడు."

"బోర్డుని కొన్నారా?"

"కొనక్కర్లేదు. బోర్డుకి ఏం చెబితే పాసవుతారో నేర్పుతున్నారు. టైర్ల షాపు పైన కోచింగ్ సెంటర్ ఉంది. వెనకుండి నడిపేది ఒక విదేశీ. వాణ్ణి అక్కడ 'దొర' అంటారు. నువ్వు స్టూడెంటుగా చేరాలి. నీకైతే నటించే శ్రమ కూడా లేదు."

"లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు. 'ఈ కుర్చీ కాస్త ఊగుతుంది' అంటారు. 'నేల సరిగా లేదేమో' అని నువ్వనాలి."

"పనైతే?"

"బోర్డులో నేనూ ఒక మెంబర్ని. ఫిట్ అని రాయిస్తా. మళ్ళీ కెప్టెన్‌వి."

చీఫ్ చెయ్యి చాపాడు. ఇందాక తాళంచెవి పట్టుకున్న చెయ్యే. మాజీకి ఒళ్ళు జలదరించింది, అయినా పట్టుకుని ఊపాడు.

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు అతని చొక్కాకి ట్రాన్స్‌మిటర్ ఉన్న గుండీ కుట్టిచ్చారు. చొక్కా గుండీలన్నీ తెల్లవి, ఇదొక్కటే గోధుమ రంగు. అదేమిటని అడిగితే, తెల్లవి స్టాకు లేవన్నారు. దేశ రహస్యాలు వీళ్ళ చేతుల్లో భద్రంగా ఉన్నాయని మాజీ తనలో తాను తిట్టుకున్నాడు.

టైర్ల షాపు పక్కన ఇరుకు మెట్లు. పైన గదిలో కింది రబ్బరు కంపు, దాని మీద ఖరీదైన సెంటు, రెండూ కలిసి గొంతులోకి దిగుతున్నాయి. ఆ సెంటు అక్కడ కోచింగ్ ఇచ్చే మేడమ్‌ది. నల్ల సిల్కు చొక్కా, ఎర్రటి గోళ్ళు, చూపు తిప్పుకోనివ్వని మొహం. ఒకప్పుడు మెడికల్ బోర్డులోనే సైకాలజిస్టుగా పనిచేసిందట.

"కూర్చోండి. ఈ కుర్చీ కాస్త ఊగుతుంది."

"నేల సరిగా లేదేమో."

మేడమ్ పెదవుల చివర చిన్న నవ్వు మెరిసి మాయమైంది. మాజీ హమ్మయ్య అనుకుని, డిపార్ట్‌మెంట్ వాళ్ళు బట్టీ పట్టించిన దొంగకథ మొదలుపెట్టాడు. సగంలోనే ఆమె చెయ్యెత్తింది.

"ఇది ఆఫీసులో అల్లిన కథ" అంది గొంతు తగ్గించి. "ఆ గోడ అద్దం వెనక దొర ఉన్నాడు, టేపు తిరుగుతోంది. వాడు నమ్మకపోతే మీరు మెట్లు దిగరు. అసలుది చెప్పండి."

మాజీ అద్దం వంక చూశాడు. అందులో గడ్డం మాసిన తన మొహమే కనిపించింది. ఏ డాక్టరుకీ పూర్తిగా చెప్పని సంగతి, ఆ కంపులో కూర్చుని చెప్పాడు.

"శత్రువుల గోదాం ఒకటి పేల్చాను. లోపల ఎవరూ లేరని బ్రీఫింగ్‌లో చెప్పారు. వంటవాళ్ళున్నారు. వెళ్ళి చూశాను కాబట్టి తెలుసు. తర్వాత పెరేడ్ పెట్టారు. జనరల్ గారు 'ప్రాణనష్టం శూన్యం' అని చదివి, నాకు పతకం గుచ్చుతున్నారు."

"ఊఁ."

"ఆయన బూట్ల మీద వాంతి చేసుకున్నాను. బ్యాండు వాయిస్తూనే ఉంది. ఆ తర్వాత యూనిఫాం చూస్తే చాలు, కడుపులో తిప్పేది. ఇప్పుడు తగ్గింది."

మేడమ్ పాఠం చెప్పే గొంతు తెచ్చుకుంది. "బోర్డులో ఫుడ్ పాయిజన్ అనండి. ముందురోజు మెస్‌లో తిన్నది పడలేదనండి. మనసు సంగతి చెబితే భయపడతారు, కడుపు సంగతైతే నవ్వి పాస్ చేస్తారు. నిద్ర గురించి అడిగితే, రాత్రిళ్ళు హాయిగా పడుతుందనండి. ఏదీ, ఒకసారి నవ్వుతూ చెప్పండి."

చెప్పాడు. నవ్వు బాగాలేదంది. మళ్ళీ చెప్పించింది.

మెట్లు దిగుతుంటే మాజీకి దొర వ్యాపారం అర్థమైంది. నిజం వాడి టేపులో ఉంటుంది, అబద్ధం బోర్డు దగ్గర ఉంటుంది. రెంటి మధ్యా ఇరుక్కున్నవాడు జీవితాంతం దొర చెప్పింది చేస్తాడు. పుండు చూపించమని అడిగి, చూపించాక అందులో వేలు పెట్టే పని. ఇంత నీచమైన ఎత్తు అతను తన సర్వీసులో చూడలేదు.

పాఠాలు కొన్నాళ్ళు సాగాయి. బోర్డుకి ముందురోజు పొద్దున్న అతను బయల్దేరుతుంటే, అక్క ఉతికిన చొక్కా చేతికిచ్చింది.

"మళ్ళీ వాళ్ళ కోసమేనా? వాడుకుని విసిరేసినవాళ్ళురా వాళ్ళు."

"యూనిఫాం ఇస్తారక్కా."

"గుడ్డే కదరా అది. నేను కుట్టిపెడతా, వేసుకుని ఇంట్లో తిరుగు."

మాజీ నవ్వేసి చొక్కా తొడుక్కున్నాడు.

ఆ రోజు పాఠం ముగిశాక మేడమ్ అతని వెంట మెట్ల దాకా వచ్చింది. కింద టైరుకి గాలి కొడుతున్న చప్పుడులో ఆమె మాట అతనికి తప్ప ఎవరికీ వినపడదు.

"దొర ఇవాళ రైలెక్కి పోతున్నాడు. పోయేముందు పెద్ద పని పెట్టాడు. క్యాంపులో పెట్రోల్ ట్యాంకర్ తోలేవాడు నా పాత స్టూడెంటే. భోజనాల వేళకి ట్యాంకర్‌ని రిక్రూట్ల మెస్ గోడ పక్కన ఆపమన్నారు. పెట్రోల్ దొంగతనం అని వాడితో చెప్పారు. కింద బాంబుందని వాడికి తెలీదు."

"చీఫ్‌కి చెప్పావా?"

"పొద్దున్నే చెప్పాను. ముందే ట్యాంకర్ ఆపితే దొర జారుకుంటాడట. వాడు రైలెక్కేదాకా ఆగమన్నాడు."

"మెస్‌లో వందలమంది కుర్రాళ్ళుంటారు."

"లెక్క వేసే మాట్లాడాడు."

మాజీ ఆమె మొహంలోకి చూశాడు. "అసలు నువ్వెవరి వైపు?"

"జీతం ఇద్దరూ ఇస్తారు" అంది మేడమ్. "పెన్షన్ మాత్రం మీవాళ్ళే ఇస్తారు. అందుకే చెబుతున్నా."

అతనికి ఆమె మీద ఉమ్మెయ్యాలనిపించింది. అంత టైము లేదు. గుండీ నోటి దగ్గరికి లాక్కుని, "హెడ్‌క్వార్టర్స్, ట్యాంకర్‌ని ఆపండి, వెంటనే" అన్నాడు. అన్నాక గుండీ చూసుకున్నాడు. తెల్లది. పైనుంచి కిందిదాకా అన్నీ తెల్లవే. తమ్ముడు రంగు కలవని గుండీతో పదిమందిలో తిరగడం అక్కకి నచ్చలేదు.

హెడ్‌క్వార్టర్స్‌లో ఇద్దరు నిపుణులు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పొద్దుట్నుంచీ ఆ గోధుమ రంగు గుండీలోంచి వస్తున్న అక్క కుట్టుమిషను చప్పుడు శ్రద్ధగా రికార్డు చేస్తున్నారు.

మాజీ టైర్ల షాపు ముందున్న స్కూటర్ మీద దూకాడు. ఓనరు అరుస్తూ వెంటపడ్డాడు. క్యాంపు గేటు దగ్గర సెంట్రీ అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"మెడికల్ బోర్డుకి."

"బోర్డు రేపు కదా."

"పిచ్చివాణ్ణి బాబూ, తేదీలు గుర్తుండవు."

సెంట్రీ పళ్ళికిలించి గేటెత్తాడు.

ట్యాంకర్ మెస్ గోడకి ఆనుకునే ఉంది. లోపల్నుంచి చెంచాల మోత, కుర్రాళ్ళ గోల వినిపిస్తున్నాయి. మాజీ నేల మీద పడుకుని ట్యాంకర్ కిందికి చూశాడు. అయస్కాంతంతో అతుక్కుని ఒక పెట్టె, పెట్టె మీద ఎర్రదీపం, చుట్టూ సన్నటి వైరు. పీకితే పేలే రకం. ఇలాంటివి తనే బోలెడు పెట్టాడు. పైకి లేచి క్యాబిన్ అద్దం బాదాడు. డ్రైవరు భారీ మనిషి, స్టీరింగ్‌ని వాటేసుకుని కూర్చున్నాడు.

"తలుపు తియ్యి."

"తియ్యను. చెప్పేదాకా ఇక్కడే ఉండమన్నారు. కదిలితే నా టేపు మా నాన్నకి పంపుతారు."

"దీని కింద బాంబుంది."

"వాళ్ళూ ఇలాంటివే చెబుతారు. నేనెవర్నీ నమ్మను."

ఇతన్ని నమ్మించడానికి కోడ్‌వర్డు లేదు, ఐడీ కార్డు లేదు. మాజీ దగ్గర ఉన్నది ఒక్కటే. "పెరేడ్‌లో జనరల్ బూట్ల మీద వాంతి చేసుకున్న కెప్టెన్ గురించి విన్నావా?"

డ్రైవరు తల తిప్పాడు.

"అది నేనే."

అద్దం మెల్లగా కిందికి దిగింది. "నువ్వా అన్నా? మా బ్యారక్‌లో ఆ కథ చెప్పుకుని పడీపడీ నవ్వేవాళ్ళం. కట్టుకథ అనుకున్నా."

"కట్టుకథ కాదు. అందరికీ తెలుసు కాబట్టి నన్ను ఎవడూ దాంతో బెదిరించలేడు. నీది నీ టేపులోనే ఉండనీ, నాకు చెప్పక్కర్లేదు. ఈ బండిని మాత్రం ఇక్కణ్ణించి తియ్యాలి. ఎక్కడికి తోలదాం?"

డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించి తలుపు తీశాడు. "ఎక్కన్నా. మెస్ వెనక మురుగు గుంట ఉంది."

ట్యాంకర్ ఇంజను గర్జించింది. చెత్తకుప్పల్ని తొక్కి, ముళ్ళకంచెని చీల్చుకుని, క్యాంపు మొత్తం పాయిఖానాల నీళ్ళు వచ్చి చేరే ఆ నల్లటి గుంటలోకి ముక్కు ముందుగా దిగింది. పెట్టె మీది దీపం చివరిసారి గబగబా కొట్టుకుంటూ మురుగులో మునిగింది. మాజీ కళ్ళు మూసుకున్నాడు. పేలుడు రాలేదు, పెట్టె మురుగు తాగి చచ్చింది. బుడబుడమని నాలుగు బుడగలు వచ్చాయి, అంతే.

ఇద్దరూ కిటికీల్లోంచి బయటపడి, మెడలోతు మలంలో నిలబడ్డారు. డ్రైవరు భళ్ళున కక్కుకున్నాడు. మాజీ అతని వీపు నిమిరాడు.

"కాల్పులప్పుడు నేను లారీ కింద దాక్కున్నానన్నా" అన్నాడు డ్రైవరు ఆయాసపడుతూ. "టేపులో ఉన్నది అదే."

"అంతేనా?"

"అంతే."

"లారీ కింద కాకపోతే ఇంకెక్కడ దాక్కుంటారయ్యా" అన్నాడు మాజీ. ఆ భారీ మనిషి ఆ మురుగులోనే నిలబడి ఏడ్చాడు.

సాయంత్రం చీఫ్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. దొర స్టేషన్లో దొరికాడట, టేపులన్నీ చిక్కాయట. మనిషి మాంచి హుషారుగా ఉన్నాడు.

"గుడ్ వర్క్. అన్నట్టు మీ అక్కగారు మిషను కుడుతూ మా గురించి చాలా మాటలన్నారు. అన్నీ రికార్డయ్యాయి."

"చచ్చిపోయిన క్లర్కు?"

"గుండెపోటు అని రిపోర్టు ఇచ్చాం."

"మెస్‌లో కుర్రాళ్ళకి ఏం చెప్పారు?"

"డ్రైనేజీ రిపేరు అని. ఇక డ్రైవర్ సంగతి. ట్యాంకర్ పోయింది కదా, ఎవరో ఒకరి మీద పడాలి. రేపు నువ్వు ఫిట్ అవుతావు. ఆ తర్వాత విచారణలో వాడు తాగి తోలాడని సాక్ష్యం చెబుతావు. యూనిఫాంలో ఉన్నవాడికి అది ఆర్డరు, అడగాల్సిన పని లేదు."

మాజీ ఆ రాత్రి ఎన్నిసార్లు స్నానం చేసినా కంపు పోలేదు. అది మురుగు కంపు కాదని అతనికి తెలుసు.

మర్నాడు బోర్డు. పొడవాటి బల్ల, మధ్యలో ముసలి డాక్టరు, ఒక పక్క కర్నల్, ఇంకో పక్క చీఫ్. గోడకి తగిలించిన హ్యాంగర్‌కి ఇస్త్రీ చేసిన యూనిఫాం, భుజాల మీద కెప్టెన్ నక్షత్రాలు. అది తనకోసమే. రెండేళ్ళుగా కలలో చూసింది అదే. చేతికందే దూరంలో ఉంది.

"ఆ రోజు పెరేడ్‌లో ఏమైంది?" అన్నాడు డాక్టరు.

చీఫ్ కన్ను గీటాడు. ఫుడ్ పాయిజన్ అంటే చాలు. నవ్వు కూడా వచ్చేసింది, మేడమ్ బాగానే నేర్పింది.

"అబద్ధం విని వాంతి చేసుకున్నాను సార్."

చీఫ్ కుర్చీలో కదిలాడు.

"ఇప్పుడెలా ఉంది?"

"నిన్న మెస్ పక్కన బాంబుందని పొద్దున్నే తెలిసి, దొర దొరికేదాకా కుర్రాళ్ళని భోజనం చెయ్యనిచ్చిన ఆఫీసరు ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు. ట్యాంకర్ తోలినవాడు తాగలేదు, వాళ్ళని కాపాడాడు. ఈ మాట విచారణలో కూడా చెబుతాను, మామూలు పౌరుడిగా. ఆ ఆఫీసరు మొహం చూస్తుంటే ఇప్పుడు కూడా కడుపులో తిప్పుతోంది సార్."

కర్నల్ చీఫ్ వైపు తిరిగి చూశాడు. ఆ చూపు మంచి చూపు కాదు. ముసలి డాక్టరు మాత్రం తలెత్తకుండా, 'లక్షణాలు కొనసాగుతున్నాయి, శాశ్వతంగా అన్‌ఫిట్' అని రాసి, స్టాంపు గుద్దాడు.

మాజీ బయటికొచ్చి వరండాలో నిలబడ్డాడు. కావాలనుకున్నది ఇక ఎప్పటికీ రాదని తెలిసి, కాసేపు గోడ పట్టుకుని ఏడ్చాడు. అప్పుడు ఫోను మోగింది.

"ఏమైందిరా?" అంది అక్క.

"తప్పానక్కా."

"పోనీలే, ఇంటికొచ్చెయ్. ఆ చచ్చు పరీక్షలో అసలెవరైనా పాసయ్యారా?"

బోర్డు గది పక్క తలుపు తెరుచుకుంది. కొత్త యూనిఫాంలో, భుజం మీద మేజర్ గుర్తుతో మేడమ్ బయటికొచ్చింది. చీఫ్ గుమస్తా వంగి వంగి సెల్యూట్ కొడుతున్నాడు.

"ఒకావిడ పాసైందక్కా" అన్నాడు మాజీ. "ఆవిడకి రాత్రిళ్ళు హాయిగా నిద్ర పడుతుందట."