‘నేను వస్తాను’ బటన్

తలుపు తీసేసరికి ఎదురుగా పనిముట్ల సంచీ, దాని వెనక మఫ్లర్, మఫ్లర్ పైన మండిపోతున్న రెండు కళ్లు.

"కిటికీ ఎక్కడ?"

"ఏ కిటికీ?"

"మూసుకోవడం లేదు, చలికి గడ్డకట్టుకుపోతున్నాను అని గోడు వెళ్లబోసుకున్నారుగా! తాగుతున్న టీ వదిలేసి పరిగెత్తుకొచ్చాను."

అతనికి అప్పుడు వెలిగింది. ఆ వీధివాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే సంఘం ఒకటుంది. దానికి ఉచితంగా వెబ్‌సైట్ చేసిపెడతానని ఒప్పుకున్నాడు. పనిచేస్తోందో లేదో చూద్దామని నోటికొచ్చింది రాసి పంపాడు. అది నేరుగా సంఘంలోని కార్పెంటర్‌ ఫోనుకి పోయింది. ఆ కార్పెంటరే ఈ అమ్మాయి.

"అది... టెస్టింగ్ అండీ."

"ఓహో. ఇంతకీ నేను పాసయ్యానా?"

మెట్లు దిగుతూ కూడా గొణుగుతూనే ఉంది. అతను మాత్రం రోజంతా తనలో తానే నవ్వుకున్నాడు. ఇంత ముచ్చటగా తిట్లు తినడం అతనికి అదే మొదటిసారి.

సంఘాన్ని నడిపేది ఆమె అమ్మమ్మ. పైపు పగిలినా, పిల్లి అటకెక్కినా ఆవిడకే ఫోన్. ఆవిడ పదిమందిని బతిమాలి ఒకర్ని పంపాలి. ఈ చలికి జలుబు చేసి గొంతు బొంగురుపోయింది, అయినా ఫోను ఊరుకోదు. అందుకే ఈ వెబ్‌సైట్. సాయం కావలసినవాళ్లు అందులో రాస్తారు, చేయగలిగినవాళ్లు ‘నేను వస్తాను’ అనే బటన్ నొక్కుతారు.

రోజూ సాయంత్రం ఆమె అతని పక్కన మడత కుర్చీ వేసుకుని వీధిలోవాళ్ల వివరాలు చెప్పేది.

"టైలర్ మావయ్య గురించి ఏం రాయమంటారు?"

"కుట్టు గట్టిది, గొంతు అంతకన్నా గట్టిది అని రాయండి."

"మీ గురించి?"

"కిటికీ లేకపోయినా వచ్చేస్తుందని రాయండి."

పని గురువారానికే అయిపోయింది. ఆ సంగతి అతను చెప్పలేదు. చెబితే రేపట్నుంచి ఆమె రాదు. "ఇంకో చిన్న ప్రాబ్లం ఉందండీ" అంటూ శుక్రవారం ఓ రంగు మార్చాడు. శనివారం మళ్లీ పాత రంగే పెట్టాడు.

ఆ సాయంత్రం ఆమె తన ఫోనులో అన్నీ నొక్కి చూసింది. అన్నీ చక్కగా తెరుచుకున్నాయి.

"ఇందులో ప్రాబ్లం ఏది?"

అతను తెర మీది రంగు వైపు వేలు చూపించాడు.

"ఎప్పుడైపోయింది?"

"గురువారం."

"మా అమ్మమ్మకి గొంతు పూర్తిగా పోయింది. పొద్దున ఫోన్లో సైగలు చేస్తోంది పాపం! మీకు ఆటగా ఉందా?"

"ఆట కాదండీ. మీరంటే ఇష్టం. పని అయిపోతే ఇక మీరు రారని..."

"ఇష్టమైతే నోరు తెరిచి చెప్పాలి. పెద్దావిడ గొంతు మీదకి తెస్తారా?"

కుర్చీ టపీమని మడిచి వెళ్లిపోయింది.

సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. వెంటనే సైట్ తెరిచి వీధి వీధంతటికీ లింకు పంపాడు. ఆమెకి క్షమించమని మెసేజ్ పెట్టాడు. ఆమె చూసింది, జవాబివ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం సైట్లో మొట్టమొదటి విన్నపం పడింది. రాసింది అమ్మమ్మ.

‘మా మనవరాలు నిన్నట్నుంచి మూతి ముడుచుకుని కూర్చుంది. కదిలిస్తే కరుస్తోంది. నాకా గొంతు లేదు. ఎవరైనా వచ్చి దానితో మాట్లాడండి.’

అతను బటన్ నొక్కి, స్వెటర్ తిరగేసి వేసుకున్నానని కూడా చూసుకోకుండా పరిగెత్తాడు.

తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల రిటైరైన హెడ్మాస్టరుగారు, టైలర్ మావయ్య, ఎదురింటి నర్సు పిన్ని, ఇంకా సగం వీధి. అందరూ ‘నేను వస్తాను’ నొక్కినవాళ్లే. ఒకరు నొక్కగానే బటన్ మాయమవ్వాలి. ఆ ఒక్కటీ అతను మర్చిపోయాడు. మధ్యలో ఆమె తల పట్టుకుని కూర్చుంది.

"ఇది కూడా కావాలనే చేశారా?" అంది అతన్ని చూడగానే.

"లేదండీ, ఒట్టు! ఇది నిజంగా తప్పే."

ఆమె పెదవులు బిగబట్టింది. లాభం లేకపోయింది, నవ్వేసింది.

"మాట్లాడటానికే వచ్చావుగా బాబూ, కానివ్వు," అన్నాడు టైలర్ మావయ్య. "మేం విననట్టే ఉంటాంలే."

అతను ముందు అమ్మమ్మ వైపు తిరిగాడు. "మీ గొంతు పోయింది నావల్లేనండీ. క్షమించండి." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మీరంటే నాకు ఇష్టం. ఈసారి వాయిదా వేయను."

"నాకూ ఇష్టమే," అందామె. "నిన్ననే చెప్పేదాన్ని, కోపం అడ్డొచ్చింది."

అమ్మమ్మ నోరు తెరిచింది, మాట పెగల్లేదు. చేత్తో అతన్ని దగ్గరికి పిలిచింది. వచ్చాక చెవి పట్టుకుని గట్టిగా మెలేసింది. తర్వాత అదే చేత్తో మనవరాలి పక్కన చోటు చూపించింది.