కదిరమ్మ బండ

దయ్యాలకు రాత్రే కావాలని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు అనంతపురం ఎండ చూసి ఉండరు. నల్లమాడ దిక్కున వేసవి మిట్టమధ్యాహ్నం ఒక్కసారి బయటికొచ్చి నిలబడితే తెలుస్తుంది. కాకి అరవదు. కుక్క మొరగదు. మన నీడ కూడా మన కాళ్ళకిందికి దూరి దాక్కుంటుంది. అంత వెలుతురులోనే కనబడకుండా తిరగగలిగినదానికి చీకటితో పనేముంది?

యాభై రెండులో వచ్చిన కరువు అది. ఊరి బావి అడుగున రాయి తేలి చాలా నెలలైంది. మగవాళ్ళు రోడ్డు మీద కంకర కొట్టే కరువు పనికి పోతే, ఆడవాళ్ళు గంజి కేంద్రానికీ నీళ్ళకీ తిరిగేవాళ్ళు. నీళ్ళంటే వంకలో ఇసుక తోడి తీసిన చెలమ. పోను మైలు, రాను మైలు. రాను మైలే అసలు మైలు, నెత్తిన కడవ ఉంటుంది కాబట్టి.

ఆ దారికి నడుమ ఒక దింపుడు బండ ఉంది. రెండు నిలువు రాళ్ళు, వాటి మీద ఒక అడ్డబండ, ఆడమనిషి తల ఎత్తున. ఒంటరిగా బరువు మోసుకొచ్చేవాళ్ళు ఇంకొకరి చేయి సాయం లేకుండా దించుకోవచ్చు, మళ్ళీ నెత్తికెత్తుకోవచ్చు. ఇట్లాంటి బండను ఊరికే నాటరు. కడుపుతో ఉన్న ఆడది కాన్పు కాకుండానే పోతే ఆమె పేరున నాటుతారు. మోసిన బరువు దించుకోకుండా పోయింది కదా, దారినపోయేవాళ్ళు ఆ బండ మీద బరువు దించినప్పుడల్లా ఆమె బరువు కూడా కాస్త దిగుతుందని నమ్మకం. ఇది కదిరమ్మ బండ. పగలూ రాత్రీ నొప్పులు పడి పడి, చివరికి బిడ్డను కడుపులోనే పెట్టుకుని పోయింది కదిరమ్మ.

ఆ బండకొక మర్యాద ఉంది. కడవ తిరిగి ఎత్తుకునేటప్పుడు "నాది నాకు, నీది నీకు కదిరమ్మా" అనాలి. రెండు ముక్కలూ అనాలి. ఊళ్ళో పిల్లలకు కూడా కంఠతా వచ్చిన మాటే. ఇక కడుపుతో ఉన్నవాళ్ళు దాన్ని తాకనే కూడదు. ఏ బరువు నెత్తిదో, ఏ బరువు కడుపుదో చచ్చినదానికి తెలియదంటారు.

కదిరమ్మ పోయిన ఏడాది తిరక్కముందే ఆమె మొగుడు వీరప్పకు ఓబమ్మను తెచ్చి కట్టారు. కాడెద్దు చస్తే ఇంకో ఎద్దును తెచ్చుకోరా, అంతే లెక్క. ఓబమ్మకు మొదటి బిడ్డ పురుడు తీరకముందే పోయింది. రెండోది ఏడవకుండానే పుట్టింది. ఇప్పుడు మూడోది, నెలలు నిండబోతున్నాయి. అత్త సుంకమ్మ మనసులో మాట దాచుకునే మనిషి కాదు.

"ఇదీ నిలవకపోతే నువ్వు మీ నాయనింటికి పో. మావానికి ఇంకోదాన్ని చూస్తాం," అనింది ఒకరోజు, గంజి పోస్తూ.

ఓబమ్మ గంజి తాగింది. కోపం రాలేదు. మొదటి బిడ్డను పూడ్చి వచ్చిన రోజే ఆమె లోపల ఏదో తిమ్మిరెక్కిపోయింది. తిమ్మిరెక్కిన కాలును గిల్లినా తెలియదే, అట్లా. కానీ ఈ బిడ్డ బతకాలి. ఆ సంగతి మాత్రం ఆమెకు తెలుసు. నాయన గుంతకల్లు దిక్కు కూలికి పోయి తిరిగి రాలేదు. ఆ ఇంటి పైకప్పు కూడా ఇప్పుడు లేదు. బిడ్డ పోతే ఆమె కూడా రోడ్డు మీద పడాల్సిందే.

చెలమకు ఎవరు పోవాలన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎప్పుడూ పుట్టలేదు. "మేమంతా మోయలేదా? చేన్లో కని, బిడ్డను గంపలో పెట్టుకొని నడిచొచ్చినదాన్ని నేను," అనేది సుంకమ్మ. ఓబమ్మ కడవ ఎత్తుకునేది.

ఆ మధ్యాహ్నం చెలమ కాడ ఊట సన్నగా ఉండి ఆలస్యమైంది. తక్కినవాళ్ళంతా ముందే పోయారు. ఓబమ్మ ఒక్కతే తిరిగి వస్తోంది. నేల పొయ్యిలా ఉంది. ఎండిన తుమ్మకంప వాసన. నడుము విరిగిపోతోంది, కళ్ళముందు తెల్లటి మచ్చలు. బండ దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

బండ మీద తడి ఉంది. ఎవరో ఇప్పుడే కడవ దించి ఎత్తుకుపోయినట్టు, గుండ్రటి తడి వలయం. ఉమ్మితే నేల తాకకముందే ఆరిపోయే ఎండ అది. దారి వెంట ముందుకు చూసింది. ఊరి దాకా ఒక్క మనిషి లేదు.

అంత ఆలోచించే ఓపిక ఆమెకు లేదు. "అక్కా, ఇంక నేను మోయలేను," అని సవతి పేరున మూలిగి, కడవను ఆ వలయం మీదే దించింది.

హాయి. అబ్బా, ఎంత హాయి. నెత్తి మీది బరువుతో పాటు నడుము నొప్పి పోయింది. కాళ్ళ వాపు బిగువు పోయింది. పెళ్ళికి ముందు తన ఒళ్ళు ఎట్లా ఉండేదో అట్లా అయిపోయింది. ఆ తేలికలో మైమరిచి, కడవ ఎత్తుకుని, ఏ మాటా అనకుండా ఇంటికి వచ్చేసింది.

సాయంత్రం గంజి తాగుతుంటే గుర్తుకొచ్చింది. మధ్యాహ్నం నుంచి బిడ్డ కదల్లేదు.

మర్నాడూ కదల్లేదు. కడుపు ఎత్తు తగ్గలేదు. బరువు మాత్రం లేదు. ఓబమ్మకు ఏడుపు రాలేదు. ఏడుపు రాలేదే అని కొంచెం భయమేసింది, అంతే. అత్తకు చెప్పకుండా మదీనాబీ ఇంటికి పోయింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కాన్పులు చేసే ముసలామె మదీనాబీ. కదిరమ్మ పోయినప్పుడు పక్కన ఉన్నదీ ఆమే.

మదీనాబీ కడుపు మీద చెవి ఆనించి చాలాసేపు అట్లాగే ఉంది.

"ఏం వినబడతాంది అవ్వా?"

"ఏమీ లేదమ్మా. ఖాళీ కడవకు చెవి పెట్టినట్టుండాది." లేచి కూర్చుంది. "బండ మీద దించినావా?"

"దించినా."

"ఎత్తుకునేటప్పుడు ఆ మాట అన్నావా?"

ఓబమ్మ తల అడ్డంగా ఊపింది.

ముసలామె దువా చదివినట్టు పెదవులు కదిలించింది. "ఏ పొద్దుకు దించినావో ఆ పొద్దుకే పో. నీది నువ్వు తెచ్చుకో. రెండు ముక్కలూ అనాల, మర్చిపోవద్దు. నాది నాకు, నీది నీకు. రెండోది మర్చిపోతే నా చేతిలో ఏం లేదు బిడ్డా."

ఆ మధ్యాహ్నమే పోయింది ఓబమ్మ. కడవ లేకుండా, ఉత్త చేతులతో.

దారిలో ఎవరూ లేరు. గాలి లేదు. బండ దగ్గర మాత్రం తడి మట్టి వాసన... ఇంకేదో వాసన. పురిటింటి వాసన. ఓబమ్మ రెండు చేతులూ బండ మీద పెట్టింది. చేతులు కాలాలి. కాలలేదు. చల్లగా ఉంది.

చెవి ఆనించింది.

లోపల ఏదో తన్నింది.

మళ్ళీ తన్నింది... ఇంకో పక్కనుంచి.

"అక్కా," అంది గుసగుసగా. "నాది నాకియ్యి."

ఏమీ కాలేదు. ఎండ గుయ్యిమంటోంది. తర్వాత చెవి కిందనే, రాతిలోనుంచి, నొప్పులు పడి పడి అలిసిపోయిన ఆడగొంతు...

"ఏది నీది?"

ఓబమ్మ మళ్ళీ చెవి ఆనించి వినింది. ఒక తన్ను. ఇంకో తన్ను. రెండూ ఒకటే తీరు. ఇన్ని నెలలు మోసింది కదా, ఏది తనదో చెప్పాలి కదా తల్లి. ఆమె చెప్పలేకపోయింది. ఈ బిడ్డ మీద కూడా ఆశ పెట్టుకుంటే ఎక్కడ పోతుందోనని, ఒక్కసారి కూడా కడుపు మీద చేయి వేసి పలకరించలేదు ఆమె. ఆ క్షణంలో ఆమెకు కలిగిన సిగ్గు అంతా ఇంతా కాదు.

"ఏది... నీది?"

"ఎంతుంటే అంత ఇయ్యక్కా. మోస్తా."

ఒక్కసారిగా బరువు మీద పడింది. మోకాళ్ళ మీద కూలబడింది. కడుపులో బిడ్డ తన్నింది. ప్రాణం లేచొచ్చింది ఓబమ్మకు. ఎట్లా లేచిందో, ఎట్లా నడిచిందో తెలియదు. రెండో ముక్క గుర్తుకొచ్చేసరికి ఇంటి గడపలో ఉంది.

వారం తిరక్కముందే, పొద్దున్నే, మగబిడ్డ పుట్టాడు. గట్టిగా ఏడ్చాడు. సుంకమ్మ ఆనందం పట్టలేక, దాచిపెట్టిన బెల్లంగడ్డ పగలగొట్టి వీధిలో పంచింది. వీరప్ప కరువు పని మానుకుని వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. బిడ్డ వెనకాలే మాయ పడింది. మదీనాబీ కడుపు నొక్కి చూసింది. ఇంకోసారి చూసింది. ఉన్నట్టుండి చేయి వెనక్కి లాక్కుంది.

"రెండో ముక్క అన్నావా?" అని ఓబమ్మ చెవిలో అడిగింది.

ఓబమ్మ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. మదీనాబీ మధ్యాహ్నం దాకా ఎదురుచూసింది. ఇంకో బిడ్డ రాలేదు. చేతులు కడుక్కుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా పోయింది.

కడుపు దిగలేదు. పురుడు తీరినా దిగలేదు. ఉబ్బు అన్నారు, గుల్మం గడ్డ అన్నారు, కషాయాలు పోశారు. ఓబమ్మ అన్నీ తాగింది. లోపలిది మెల్లగా అటూ ఇటూ పొర్లుతుండేది. బయటివాడు మాత్రం బాగా పెరిగాడు. ఆమె ఎత్తుకుంటే ఏడ్చేవాడు కాదు, నవ్వేవాడూ కాదు. ఎప్పుడూ ఆమె భుజం మీదుగా ఎటో చూసేవాడు.

మరుసటేడు వానలు పడ్డాయి గానీ బావిలోకి నీళ్ళు చేరలేదు. ఓబమ్మ బిడ్డను చంకనెత్తుకుని మళ్ళీ చెలమకు నడుస్తోంది. వాడికి ఇంకా మాటలు రాలేదు. ఒక మధ్యాహ్నం, నెత్తిన నిండు కడవతో ఎవరూ లేని దారిలో తిరిగొస్తూ, బండ దగ్గరికి వచ్చేసరికి దాని మీద గుండ్రటి తడి వలయం. ఇప్పుడే ఎవరో కడవ ఎత్తుకుపోయినట్టు. ఊరి దాకా చూసింది. ఉత్త దారి.

చంకలోని వాడు ఒక్కసారిగా ముందుకు వంగాడు. ఆ ఉత్త దారి వైపు రెండు చేతులూ చాచాడు. మొదటిసారి నవ్వాడు.

"అమ్మా," అన్నాడు.

లోపలిది గట్టిగా తన్నింది.

ఏది నీది అని అడిగినదానికి జవాబు ఓబమ్మకు అప్పుడు తెలిసింది. బండ మీద తడి ఇంకా ఆరలేదు. ఆమె కడవ దించలేదు. ఖాళీగా ఉన్న చేతిని మొదటిసారిగా కడుపు మీద వేసి, ఊరి వైపు నడిచింది.